మతం పుట్టుక, జీవితార్థ అన్వేషణ: దక్కను సమాధుల నుంచి బావరి ప్రశ్నల వరకు

విషయ పరిచయం

వేటాడి, ఆహారం సేకరించుకుని బతికిన మానవుడు క్రమంగా పశుపోషకుడిగా, వ్యవసాయదారుడిగా ఎలా మారాడో వెనుకటి పాఠాల్లో చదివారు. అక్కడ మనకు ఆధారాలు చేతికి దొరికేవి: రాతి గొడ్డలి, ఎముక, కుండ పెంకు, మాడిన గింజ. ఈ పాఠంలో మన పని కాస్త కష్టం. గొడ్డలి మట్టిలో మిగులుతుంది కానీ, దాన్ని చనిపోయిన మనిషి పక్కన పెట్టినవారి మనసులోని మాట మిగలదు. ఆ మాటను ఊహించాలి, అయితే ఆధారం అనుమతించినంత మేరకే ఊహించాలి.

మతం ఎప్పుడు పుట్టింది? మనిషి తన బతుకుకు అర్థం ఏమిటని ఎప్పటి నుంచి అడుగుతున్నాడు? ఈ రెండూ ఒకే ప్రశ్న అని చాలామంది అనుకుంటారు. కావు. చనిపోయినవారికి కుండలో అన్నం పెట్టిన సమాజం, 'చావు తరువాత ఏముంది?' అని వాదించుకున్న సమాజం ఒకటే కానక్కర లేదు. మొదటిదానికి రాళ్లు, మట్టి సాక్ష్యం. రెండోదానికి గ్రంథాలు సాక్ష్యం. రెంటి మధ్య దూరాన్ని మన దక్కను నేల మీద నిలబడి చూడడమే ఈ పాఠం ఉద్దేశం.

సిద్ధాంతాలు: ఎందుకు తెలుసుకోవాలి, ఎంతవరకు నమ్మాలి

19వ శతాబ్దపు యూరపు పండితులు మతానికి మూలం కనుక్కోవాలని ఎంతో ఆరాటపడ్డారు. ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ టైలర్ 1871లో ప్రచురించిన 'ప్రిమిటివ్ కల్చర్' గ్రంథంలో ఆత్మవాదాన్ని ప్రతిపాదించాడు. నిద్రపోయినవాడి ఒళ్లు ఇక్కడే ఉంటుంది, కలలో మాత్రం ఎక్కడెక్కడో తిరిగి వస్తాడు. చనిపోయినవాడు కూడా కలలో కనిపించి మాట్లాడతాడు. కాబట్టి శరీరంలో శరీరం కానిది ఏదో ఉందని ఆదిమానవుడు తీర్మానించుకున్నాడని, ఆ ఊహే చెట్టుకూ పుట్టకూ వ్యాపించి దేవతలుగా మారిందని టైలర్ వాదం. సాయణ భాష్యంతో ఋగ్వేదాన్ని పరిష్కరించి అచ్చు వేయించిన మాక్స్ ముల్లర్ సూర్యుడు, ఉషస్సు, అగ్ని వంటి ప్రకృతి శక్తుల దగ్గర మూలం వెతికాడు. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త డర్క్‌హైమ్ 1912లో ఇంకో దారి పట్టాడు. జనం ఒకచోట గుమికూడి ఆడి పాడినప్పుడు కలిగే ఉద్వేగంలోనే పవిత్రత అనే భావం పుట్టిందని, మనిషి దేవుడి పేరుతో పూజిస్తున్నది నిజానికి తన సమాజాన్నేనని అన్నాడు.

ఈ మూడు వాదాల్లోనూ కొంత నిజం కనిపిస్తుంది. జాతరలో డప్పు మోగుతుండగా జనం మధ్య నిలబడ్డవారెవరికైనా డర్క్‌హైమ్ మాట వెంటనే అర్థమవుతుంది. అయితే ఒక సంగతి మరిచిపోవద్దు. టైలర్ తన ఆదిమానవుణ్ణి చూడలేదు, డర్క్‌హైమ్ తాను రాసిన ఆస్ట్రేలియా తెగల దగ్గరికి వెళ్లలేదు. 'నేనే ఆ స్థితిలో ఉంటే ఇలా ఆలోచించేవాణ్ణి' అన్న ఊహ మీదే ఇలాంటి సిద్ధాంతాలు చాలావరకు నిలబడ్డాయని 1965లో మానవ శాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచర్డ్ విమర్శించాడు. ఆ విమర్శలో బలం ఉంది. అందుకే సిద్ధాంతాలను ఇక్కడితో వదిలి నేల మీదికి వద్దాం.

మొట్టమొదటి సమాధులు

ఇజ్రాయెల్‌లోని కాఫ్జె గుహలో సుమారు 90 వేల నుంచి లక్ష సంవత్సరాల కిందటి సమాధులు బయటపడ్డాయి. వాటిలో ఒక పిల్లవాడి అస్థిపంజరం మీద జింక కొమ్ములు ఉంచి ఉన్నాయి. రష్యాలో మాస్కోకు తూర్పున ఉన్న సుంగీర్‌లో, 30 వేల సంవత్సరాలకు పూర్వం ఇద్దరు పిల్లలను తల వైపు తల పెట్టి పాతిపెట్టారు. వారి ఒంటి మీద ఏనుగు జాతి జంతువైన మామత్ దంతంతో చేసిన పూసలు 10 వేలకు పైగా దొరికాయి. ఒక్కో పూస చెక్కడానికి గంట పట్టిందనుకున్నా అది ఎన్ని రోజుల శ్రమో లెక్క వేసి చూడండి. వేటాడితే తప్ప రోజు గడవని జనం అంత కాలాన్ని మట్టిలో కలిసిపోయే పూసల మీద ఖర్చు చేశారు. వారికి పరలోకం మీద నమ్మకం ఉందని దీని నుంచి చెప్పగలమా? చెప్పలేం. ఆ పిల్లల చావు వారికి మామూలు సంగతి కాదని మాత్రం నిస్సందేహంగా చెప్పగలం.

తొందరపాటు ఎంత ప్రమాదమో ఇరాక్‌లోని షానిదార్ గుహ చెబుతుంది. అక్కడ తవ్విన రాల్ఫ్ సొలెకీ బృందానికి ఒక నియాండర్తల్ మానవుడి అస్థిపంజరం చుట్టూ పూల పుప్పొడి కనిపించింది. శవాన్ని పూల మీద పడుకోబెట్టారన్న కథనం ప్రపంచమంతా వ్యాపించింది. ఆ పుప్పొడిని బొరియలు తవ్వే ఎలుక జాతి జీవులో, తేనెటీగలో తెచ్చి ఉండవచ్చని తరువాతి పరిశోధకులు సందేహం వెలిబుచ్చారు. పూల కథ మనసుకు నచ్చుతుంది. నచ్చడం ఆధారం కాదు.

టర్కీ ఆగ్నేయ భాగంలోని గోబెక్లి తెపె కూడా ప్రస్తావించదగినదే. 1995 నుంచి క్లాస్ ష్మిట్ జరిపిన తవ్వకాల్లో అక్కడ క్రీ.పూ. 9500 ప్రాంతానికి చెందిన భారీ రాతి స్తంభాల వలయాలు బయటపడ్డాయి. కొన్ని స్తంభాల ఎత్తు 5 మీటర్లకు పైనే. అప్పటికి అక్కడ కుండలు లేవు, పెంపుడు పంటలు లేవు. ముందు వ్యవసాయం, తరువాత గ్రామం, ఆ మిగులుతో ఆలయం అని మనం పాఠ్యపుస్తకాల్లో గీసుకున్న వరుసను ఈ ఒక్క స్థలం తలకిందులు చేసింది.

బూడిద దిబ్బలు

ఇక మన ప్రాంతానికి వద్దాం. కృష్ణా, తుంగభద్ర నదుల పరీవాహకంలో, ముఖ్యంగా పాత మహబూబ్‌నగర్, రాయచూరు, బళ్లారి జిల్లాల్లో పెద్ద పెద్ద బూడిద దిబ్బలు ఉన్నాయి. హంపి సమీపంలోని నింబాపురం దిబ్బను అక్కడివారు వాలిని దహనం చేసిన బూడిద అంటారు. 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను తవ్వాడు (ఆదిలాబాదు జిల్లా ఉట్నూరు వేరు, కలగాపులగం చేసుకోవద్దు). అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డి అని తేలింది. కంచె కోసం పాతిన గుంజల గుంతలు, ఎప్పుడో తడి నేల మీద పడి గట్టిపడిపోయిన పశువుల డెక్కల ముద్రలు కూడా అక్కడ దొరికాయి. బూడిద అంతా పేడది. పోగైన పేడకు మళ్లీ మళ్లీ నిప్పు పెట్టారు. కొన్ని దిబ్బల్లో ఆ మంట ఎంత తీవ్రంగా ఉందంటే పేడ బూడిద కరిగి గాజు ముద్దలా మారింది.

ఎందుకు తగలబెట్టారు? ఋతువు మారేటప్పుడు పశువులకు మేలు జరగాలని చేసిన ఉత్సవమై ఉంటుందని ఆల్చిన్ భావించి, మన సంక్రాంతి, హోళీ మంటలతో పోల్చాడు. కర్ణాటకలోని బూదిహాళ్‌లో విస్తృతంగా తవ్వకాలు జరిపిన కె. పద్దయ్య, ఇవి జనం నివసించిన పశుపోషక గ్రామాలేనని, మంట వెనుక నిత్యావసరాలు కూడా ఉన్నాయని చూపించారు. పేరుకున్న చెత్తను, దానితోపాటు ఈగలను, రోగాలను వదిలించుకోవడం వాటిలో ఒకటి.

పరీక్షలో 'పై రెండింటిలో ఏది సరైనది?' అని అడిగితే విద్యార్థులు ఏదో ఒకటి ఎంచుకుంటారు. నిజానికి ఆ ప్రశ్నే సరైనది కాదు. పశువే ఆస్తి, పశువే తిండి, పశువే పెళ్లిలో ఇచ్చే కానుక అయిన సమాజంలో దొడ్డి శుభ్రం చేయడం ఒక పని, పశువు క్షేమం కోరడం ఇంకో పని అని విడదీసింది మనం. సంక్రాంతికి ముందు ఇల్లు అలికి, భోగి మంటలో పాత సామాను వేసే కుటుంబంలో అది పారిశుద్ధ్యమా, మతమా అని ఎవరూ అడగరు. దక్కనులో మతం అనదగినది మనకు మొదట కనిపించేది ఇలాంటి పనిలోనే. దానికి పూజారి లేడు, గ్రంథం లేదు, మనకు తెలిసిన దేవుడి పేరూ లేదు.

రాకాసి గుళ్లు

ఇనుము వాడకంలోకి వచ్చాక, సుమారు క్రీ.పూ. 1200 తరువాతి వెయ్యేళ్ల కాలంలో, తెలుగు నేల మీద కొత్త దృశ్యం కనిపిస్తుంది. బండల్ని నిలబెట్టి గదిలా కట్టి, పైన పెద్ద కప్పుబండ వేసి, చుట్టూ రాళ్లను వలయంగా పేర్చిన సమాధులు వందల సంఖ్యలో వెలిశాయి. వీటినే బృహత్ శిలాయుగపు సమాధులు అంటున్నాం. ఊళ్లలో వీటి పేరు రాకాసి గుళ్లు, కొన్నిచోట్ల పాండవ గుళ్లు. అంత బరువు మామూలు మనుషులు ఎత్తలేరన్న ఆశ్చర్యం ఈ పేర్లలో ఉంది.

వాటి లోపల ఏముంటుంది? నలుపు, ఎరుపు రంగుల కుండలు, ఇనుప బాణపు మొనలు, గొడ్డళ్లు, కొడవళ్లు, పూసలు. ఎముకలు ఉంటాయి కానీ తరచుగా పూర్తి అస్థిపంజరం ఉండదు. శవాన్ని మొదట వేరేచోట ఉంచి, మాంసం పోయాక కొన్ని ఎముకలను ఏరి తెచ్చి ఇక్కడ పెట్టేవారు. చావు అయిన రోజుతో పని అయిపోలేదన్నమాట. చనిపోయినవాడు కొంతకాలం ఇటూ కాక అటూ కాక ఉన్నాడు, తరువాత బంధువులు మళ్లీ చేరి అతణ్ణి ఒక చోటికి చేర్చారు. బండ గదుల్లో కొన్నింటికి, చాలావరకు తూర్పు వైపున, గుండ్రని కంత ఉంటుంది. తరువాత చనిపోయినవారి ఎముకలు, కుండలు లోపల పెట్టడానికేనని కొందరు, ఆత్మ రాకపోకలకని కొందరు అన్నారు. మొదటిదాన్ని నిరూపించవచ్చు, రెండోదాన్ని నిరూపించలేం. కడప ప్రాంతంలోని శంఖవరంలో దొరికిన జంతువు ఆకారపు మట్టి శవపేటికను చెన్నై మ్యూజియంలో చూసినవారికి, దాన్ని చేసిన కుమ్మరి ఏదో ఒక ప్రయాణాన్ని తలచుకున్నాడని అనిపించక మానదు. అయితే అది అనిపించడమే.

అందరికీ ఇలాంటి సమాధి దక్కలేదని కూడా గమనించండి. టన్నుల బరువున్న బండను తెప్పించాలంటే పదుల సంఖ్యలో మనుషులను పిలవగల పలుకుబడి, వారికి తిండి పెట్టగల మిగులు ఉండాలి. పేదవాడి ఎముకలు ఏమయ్యాయో మనకు తెలియదు. మతం తొలి దశ నుంచే సమానత్వాన్ని కాపాడిందని చెప్పడానికి ఈ సమాధులు ఒప్పుకోవు.

నారాయణపేట జిల్లాలో కృష్ణా తీరాన ఉన్న ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అక్కడ ఒక రాయిని ఊరివారు ఎల్లమ్మగా కొలుస్తున్నారు. దీన్ని చూసి మూడు వేల ఏళ్లుగా ఒకే పూజ కొనసాగుతోందని రాసేవారున్నారు. రాయి కొనసాగింది, అర్థం కొనసాగిందని ఆధారం లేదు. ఒక తరం నిలబెట్టిన రాయికి మరో తరం మరో అర్థం ఇచ్చుకోవడం మతచరిత్రలో పదేపదే జరిగే పని. మీ ఊరి శివార్లలో ఇలాంటి రాళ్ల వలయాలు ఉండవచ్చు. క్వారీలకు, ప్లాట్లకు చాలా పోయాయి. ఉన్నవాటిని తవ్వవద్దు. ఫొటో తీసి, సర్వే నంబరుతో సహా పురావస్తు శాఖకు తెలియజేయండి. తవ్వి చూసిన సమాధి నుంచి కుండలు దొరుకుతాయేమో కానీ, అవి ఏ వరుసలో ఉన్నాయన్న సమాచారం పోతుంది. ఈ పాఠంలో మీరు చదివినదంతా ఆ వరుస వల్ల తెలిసిందే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: సుంగీర్ పూసలు, ముడుమాల్ నిలువురాళ్లు — ఈ రెండు సందర్భాల్లో ఆధారం ఎక్కడ ఆగిపోతున్నదో, ఊహ ఎక్కడ మొదలవుతున్నదో మీ మాటల్లో పది వాక్యాల్లో రాయండి.

ప్రశ్న అడిగిన కాలం

మన పూర్వికులు దక్కనులో బండలు ఎత్తుతున్న కాలంలోనే, ఉత్తరాన గంగా మైదానంలో చావు మీద చర్చ నడుస్తోంది. వేద కాలపు యజమాని యజ్ఞంలో కోరుకున్నవి ఎక్కువగా పశువులు, కొడుకులు, నూరేళ్ల ఆయుష్షు, చివరికి స్వర్గం. బతుకు మంచిదే, అది ఇంకా కావాలి అన్న ధోరణి అది. ఉపనిషత్తులకు వచ్చేసరికి స్వరం మారింది. బృహదారణ్యకోపనిషత్తులో ఆర్తభాగుడు యాజ్ఞవల్క్యుణ్ణి నిలదీస్తాడు: మనిషి చనిపోయాక వాక్కు అగ్నిలో, ఊపిరి గాలిలో, కన్ను సూర్యుడిలో కలిసిపోతే, మరి ఆ మనిషి ఎక్కడున్నట్టు? యాజ్ఞవల్క్యుడు సభలో జవాబు చెప్పడు. అతని చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోతాడు. అక్కడ వారు మాట్లాడుకున్నది కర్మ గురించి అని మాత్రం గ్రంథం చెబుతుంది. తరువాతి కాలంలో ఊరి అరుగు మీద కూడా వినిపించే కర్మ సిద్ధాంతం ఒకప్పుడు పదిమందిలో చెప్పకూడని కొత్త మాట అన్న సంగతి ఈ ఘట్టం వల్ల తెలుస్తుంది.

క్రీ.పూ. 6, 5 శతాబ్దాల నాటికి రాజగృహం, శ్రావస్తి, కౌశాంబి వంటి నగరాలు పెరిగాయి. ఇనుప పరికరాలు, వరి సాగు, ముద్రాంకిత నాణేలు, దూరప్రాంత వర్తకం వచ్చాయి. వంశం, తెగ ఇచ్చే భరోసా తగ్గి, మనిషి ఒంటరి అయ్యాడు. యజ్ఞాల్లో పశువధ వ్యవసాయానికి భారమైందని, అందుకే అహింసా మతాలకు రైతులు, వర్తకులు మొగ్గారని డి.డి. కోశాంబి, ఆర్.ఎస్. శర్మ వంటి చరిత్రకారులు వివరించారు. కొత్త బోధలను ఎవరు విన్నారు, ఎవరు పోషించారు అన్నదానికి ఇది మంచి వివరణ. ఆ బోధకులు ఇల్లూ వాకిలీ వదిలి ఎందుకు వెళ్లారన్నదానికి మాత్రం ఇది చాలదు.

దీఘనికాయంలోని శ్రామణ్యఫల సూత్రంలో ఆ కాలపు మేధో వాతావరణం బాగా కనిపిస్తుంది. కార్తీక పున్నమి రాత్రి మగధ రాజు అజాతశత్రువుకు మనసు నిలవదు. తండ్రి బింబిసారుణ్ణి చంపి గద్దెనెక్కినవాడతను. జీవకుడి మామిడితోటలో ఉన్న బుద్ధుడి దగ్గరికి వెళ్లి అతను అడిగిన ప్రశ్న చాలా లౌకికమైనది. మావటి, క్షురకుడు, వంటవాడు, కుమ్మరి, నేతగాడు, లెక్కలు రాసేవాడు తమ పని ఫలితాన్ని ఈ జన్మలోనే కళ్లారా చూసుకుంటారు, కుటుంబాన్ని పోషించుకుంటారు. సన్యాసికి కంటికి కనిపించే ఫలితం ఏమిటి? ఇదే ప్రశ్న అప్పటికే ఆరుగురు గురువులను అడిగానని అతను చెబుతాడు. చేసిన పనికి పాపమూ లేదు, పుణ్యమూ లేదన్నాడు పూరణ కాశ్యపుడు. విసిరిన దారపు ఉండ విప్పుకుంటూ పోయినట్టు బతుకు నియతి ప్రకారం సాగి ముగుస్తుందన్నాడు మస్కరి గోశాలుడు. మనిషి నాలుగు భూతాల కూడిక, చితితో అంతా సరి అన్నాడు అజిత కేశకంబళి. సంజయుడు ఔననీ కాదనీ చెప్పలేదు. వీరి మాటలు ప్రత్యర్థుల గ్రంథంలో మిగిలాయి కాబట్టి కొంత వక్రీకరణ ఉండే ఉంటుంది. అయినా ఒక నగరంలో ఇన్ని జవాబులు పక్కపక్కనే నిలబడగలిగాయి, ఒక రాజు వాటన్నింటినీ విని తృప్తి పడకుండా లేచి వెళ్లగలిగాడు. పరలోకం లేదన్నవాడికి కూడా శిష్యులున్నారు. ప్రాచీన భారతం అంతా ఒకే విశ్వాసంలో మునిగి ఉందనే ధోరణికి ఈ సూత్రం సరిపడదు.

గోదావరి తీరం నుంచి పదహారుగురు

ఈ చర్చలో మన ప్రాంతానికి కూడా భాగం ఉందని సుత్తనిపాతంలోని పారాయణ వర్గం చెబుతుంది. కోసలం నుంచి దక్షిణాపథానికి వచ్చిన బావరి అనే బ్రాహ్మణుడు గోదావరి ఒడ్డున, అస్సక రాజ్యపు పొలిమేరలో ఆశ్రమం కట్టుకున్నాడు. అస్సక రాజధాని పోతనను నేటి బోధన్‌గా చాలామంది గుర్తిస్తారు. ఆశ్రమం నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తి అని కొందరు పరిశోధకుల అభిప్రాయం. బావరి గొప్ప యజ్ఞం చేసి ఉన్నదంతా దానం చేశాడు. అంతలో దుమ్ము కొట్టుకున్న కాళ్లతో మరో బ్రాహ్మణుడు వచ్చి ఐదు వందలు అడిగాడు. లేవంటే, ఏడో రోజున నీ తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. బావరి భయంతో తిండి మానేశాడు. యజ్ఞం చేసిన చేతులకే ఆ భయం నుంచి రక్షణ లేకపోయిందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

తల అంటే ఏమిటో, అది పగలడమంటే ఏమిటో అడిగి రమ్మని బావరి పదహారుగురు శిష్యులను పంపాడు. వారు ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి, వైశాలి మీదుగా మగధ చేరారు. ఇది ఆనాటి వర్తకుల బాట. సరుకు నడిచిన దారిలోనే సందేహాలూ నడిచాయి. బుద్ధుడి జవాబు: తల అంటే అవిద్య, దాన్ని పగలగొట్టేది జ్ఞానం. శాపం పదాలు అవే, అర్థం మారిపోయింది. తరువాత ఒక్కొక్కరూ తమ ప్రశ్న అడిగారు. లోకాన్ని కప్పివేసింది ఏమిటని అజితుడు అడిగాడు. ఇంతమంది ఋషులు, రాజులు దేవతలకు యజ్ఞాలు చేశారు కదా, వారు ముసలితనాన్ని దాటారా అని పుణ్ణకుడు అడిగాడు. లేదు, ముసలితనం వెంటాడుతున్నందువల్లే వారు యజ్ఞాలు చేశారన్నది జవాబు. అందరికంటే చివరివాడు పింగియుడు. చూపు మందగించింది, చెవులు సరిగా వినబడవు, ఒంట్లో సత్తువ లేదు. అయోమయంలో చచ్చిపోకుండా చూడమన్నదే అతని విన్నపం. గోదావరి నుంచి మగధ దాకా ఆ వయసులో నడిచి వచ్చిన మనిషి మాట అది.

చరిత్ర విద్యార్థిగా ఒక జాగ్రత్త అవసరం. పదహారుగురి ప్రశ్నలు బౌద్ధ వాఙ్మయంలో అతి ప్రాచీనమైన భాగాల్లో ఒకటి. బావరి కథ చెప్పే పూర్వభాగం మాత్రం తరువాత చేర్చిందని పండితులు భావిస్తారు. ఈ వర్గానికి ప్రాచీన వ్యాఖ్య అయిన నిద్దేసం ఆ పూర్వభాగాన్ని వ్యాఖ్యానించలేదు. కాబట్టి బావరి అనే వ్యక్తి ఉన్నాడని గట్టిగా చెప్పలేం. ఆ కథ చేర్చినవారికి గోదావరి తీరం బౌద్ధ ప్రపంచంలో భాగమని మాత్రం చెప్పగలం.

మళ్లీ ఎముకల దగ్గరికి

పారాయణ వర్గంలో సమాధి లేదు, అస్థిక లేదు, రాయి లేదు. అంతా మాటే. కానీ ఆ మాట తెలుగు నేల మీద స్థిరపడినప్పుడు ఏం జరిగిందో చూడండి. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వినప్పుడు మూడు రాతి కరండాలు బయటపడ్డాయి. వాటి మీది బ్రాహ్మీ శాసనాల్లో బుద్ధుడి శరీర ధాతువుల ప్రస్తావన, వాటిని సమర్పించినవారి పేర్లు ఉన్నాయి. బండ గదిలో పూసలతోపాటు ఎముకలు దాచినవారి వారసులు రాతి పెట్టెలో పూసలు, ముత్యాలు, బంగారు పువ్వులతోపాటు ధాతువులు దాచారు. అమరావతిలో స్తూపం ఉన్న ప్రదేశంలోనే బృహత్ శిలాయుగపు సమాధి కుండలు దొరికాయి. విశాఖపట్నం దగ్గర సముద్రానికి ఎదురుగా కొండ మీద ఉన్న తొట్లకొండ బౌద్ధారామం చుట్టుపక్కల సర్వే చేసిన లార్స్ ఫోగెలిన్‌కు వాలుల మీద ఎన్నో రాళ్లకుప్పలు కనిపించాయి. అవి మృతులకు సంబంధించినవని, ఆరామానికి దగ్గరగా ఉండాలని కోరి పెట్టినవని ఆయన భావించాడు.

ఆత్మ లేదు, ఏదీ శాశ్వతం కాదు అని కొండ మీద భిక్షువులు చదువుకుంటూ ఉండగా, కింది ఊళ్లవారు తమవారి అస్థికలను ఆ కొండ వాలుకే మోసుకొచ్చి, రాళ్లు కుప్పగా పేర్చి వెళ్లారు. భిక్షువులు వారిని అడ్డుకున్న ఆనవాళ్లు లేవు.